వెనక డోరులో గాజు ముక్కలు

కారు అద్దం లోపలి నుంచి పగిలిందా, బయటి నుంచి పగిలిందా అన్నది నేను చూసి చెప్పగలను. ఇరవై ఏళ్లుగా పద్మారావు నగర్‌లో నేను చేస్తున్న పని అదే. ముందు అద్దం పగిలితే బీటలు వారి అలాగే నిలబడుతుంది. డోరు అద్దం అలా కాదు, ఒక్కసారిగా మొత్తం రాలిపోతుంది. అలా రాలినవాటిని నేను నూకలు అంటాను. బియ్యం నూకల్లాగే ఉంటాయి, లోతుగా కోయవు గానీ గుచ్చుకుంటాయి. బయటి నుంచి రాయి తగిలితే నూకలన్నీ సీటు మీద పడతాయి. లోపలి నుంచి తంతే రోడ్డు మీద పడతాయి, సీటు మీద నాలుగు కూడా మిగలవు.

ఆ బండి సీటు మీద మిగలలేదు.

పెద్ద ఎలక్ట్రిక్ బండి అది. చప్పుడు లేకుండా వచ్చి షాపు ముందు ఆగింది, నేను వెనక్కి తిరిగి చూసేదాకా వచ్చిన సంగతే తెలియలేదు. మా గల్లీ సగం అదే ఆక్రమించింది. ఎడమవైపు వెనక డోరుకు అద్దం లేదు, దాని బదులు నల్ల చెత్తకవరు టేపుతో అంటించి ఉంది. దిగినాయనకు నలభై దాటి ఉంటాయి. తెల్లచొక్కా, మెత్తటి మాట. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారం పెట్టుకున్నానని, ఇల్లు సైనిక్‌పురిలోనని చెప్పాడు. షోరూం వాళ్లు నెల రోజులు ఆగమన్నారట, నేనైతే తొందరగా తెప్పిస్తానని ఎవరో చెప్పారట. అద్దం ఎలా పోయిందని అడిగితే, లారీ టైరు కింది నుంచి రాయి ఎగిరి తగిలిందన్నాడు.

నేను సరేనన్నాను. కస్టమర్ అబద్ధం చెబితే మెకానిక్ తల ఊపాలి, మా పనిలో అది మొదటి మర్యాద.

బండి నా దగ్గరే వదిలి వెళ్లాడు. అద్దం రావడానికి ఐదు రోజులు పట్టింది. వచ్చిన రోజు పొద్దున్నే డోరు విప్పడానికి కూర్చున్నాను. ఇలాంటి బండి డోరుతో మొండితనం పనికిరాదు. స్క్రూలు తీసి, అంచు కింద ప్లాస్టిక్ పట్టీ దూర్చి, క్లిప్పులు ఒక్కొక్కటే లేపాలి. వైర్లు ఊడదీసి పక్కన పెట్టాలి. ఆ తర్వాత డోరు పొట్టలో చెయ్యి పెట్టి నూకలు ఎత్తాలి. ఒక్కటి మిగిలినా అద్దం దింపినప్పుడల్లా గరగరమంటుంది, కస్టమర్ గొడవకు వస్తాడు. అందుకే వాక్యూమ్ పెట్టే ముందు నేను చేత్తో వెతుకుతాను.

కానీ చెయ్యి పెట్టకముందే నా కళ్లు డోరు లోపలి తోలు మీద పడ్డాయి. అద్దానికి కాస్త కింద మడమ గుర్తులు ఉన్నాయి. ఒకటి కాదు, ఏడో ఎనిమిదో. ఆడవాళ్ల చెప్పు మడమ మెత్తటి తోలులో గుండ్రంగా దిగబడింది. కొన్ని గురి తప్పి కిందికి గీసుకుపోయాయి. అద్దం దిగే సందు పక్కన రబ్బరు మీద నల్లగా ఏదో ఎండిపోయి ఉంటే గోటితో గీకాను, ఎర్రటి పొడి రాలింది. డోరు పొట్టలోంచి తీసిన మొదటి గుప్పెట్లోనే తెల్ల నూకల మధ్య ఆకుపచ్చ ముక్కలు కనిపించాయి. వంకర తిరిగి ఉన్నాయి. కారు అద్దం అలా పగలదు. అవి చేతి గాజులు.

నేను పనిముట్లు కింద పెట్టి షాపు మెట్టు మీద కూర్చున్నాను. ఆ బండిలో వెనక డోర్లు బటన్‌తో తెరుచుకుంటాయి. ముందు కూర్చున్నవాడు పిల్లల లాక్ వేస్తే ఆ బటన్ పనిచేయదు. ఆ గాజుల మనిషిని వెనక కూర్చోబెట్టి ఆయన లాక్ వేశాడు. ఆమె సీటు మీద వెల్లకిలా పడుకుని రెండు కాళ్లతో తన్నింది, అద్దం పోయేదాకా తన్నింది. పోయాక చేతులు బయట పెట్టి పాకబోయింది. వెనక నుంచి గుంజాడు. గాజులు అంచుకు కొట్టుకుని ముక్కలై సందులో పడ్డాయి, చెయ్యి చీరుకుపోయింది. ఆమె బయటపడే ఉంటే ఆయన అంత తీరిగ్గా వచ్చి నాకు లారీ కథ చెప్పేవాడు కాదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆయన ఆ క్షణంలో ఎదురుగా ఉంటే స్క్రూడ్రైవర్ తీసుకుని ఆ మెత్తటి నోట్లో పొడిచేవాణ్ణి. మాటవరసకు అనడం లేదు, నిజంగానే పొడిచేవాణ్ణి. ఎదురుగా లేడు కాబట్టి ఆయన సీటును పిడికిలితో నాలుగుసార్లు గుద్దాను. గుద్దడం అయ్యాక నా చెయ్యి నేనే చూసుకున్నాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది.

పచ్చ ముక్క చూడగానే కథంతా నాకు అంత తొందరగా ఎలా అర్థమైందో చెప్పాలి కదా. పద్నాలుగేళ్ల కింద, బన్సీలాల్‌పేట్‌లో మా ఇంట్లో, నా భార్య చెయ్యి నేను మెలిపెట్టాను. ఎందుకో నాకు గుర్తులేదు, ఆమెకు గుర్తుంది. మట్టిగాజులు నా గుప్పిట్లోనే పగిలి ఆమె మణికట్టులో దిగాయి. ఆమె, అత్తమ్మా గాజులు పగిలినయ్ అని మా అమ్మను పిలిచింది. మా అమ్మ వచ్చి నన్ను ఏమీ అనలేదు. పగిలినయ్ అనొద్దు, చిట్లినయ్ అనాలె, లేకుంటే మొగనికి కీడు అని ఆమెనే సరిదిద్ది, చీపురు తెచ్చి ఊడ్చింది. రక్తం కారుతున్నది ఒకరికి, కీడు భయం ఇంకొకరి గురించి. అది మొదటిసారి కాదు, ఆఖరిసారీ కాదు. మా పెద్దబిడ్డ ఎదిగి మా ఇద్దరి మధ్య వచ్చి నిలబడటం మొదలుపెట్టాక మానుకున్నాను. బుద్ధి వచ్చి మానలేదు, బిడ్డ ముందు సిగ్గేసి మానాను. నా భార్య ఆ తర్వాత మట్టిగాజులు వేసుకోలేదు, ఇప్పటికీ ప్లాస్టిక్‌వే.

ఆయనకు ఫోన్ చేశాను. డోరులో గాజులు పడ్డాయి సార్ అని చెప్పి, గొంతు ఏమైనా మారుతుందేమోనని చెవి పెట్టి విన్నాను. ఏమీ మారలేదు. అద్దం పగిలాక గాజు పడకుండా ఎలా ఉంటుందయ్యా, శుభ్రంగా ఊడ్చెయ్ అన్నాడు. నేను అన్నది చేతి గాజులు, ఆయన విన్నది అద్దం గాజు. మన భాషలో రెండింటికీ ఒకటే మాట కావడం ఆ రోజు ఆయనకు కలిసొచ్చింది. నేనూ విడమరచి చెప్పలేదు. అప్పుడు ఆయన ఇంకో పని చెప్పాడు. కొత్త అద్దానికి లోపలి వైపు మందపాటి సేఫ్టీ ఫిల్మ్ వెయ్యమన్నాడు. నల్లది వద్దు, పోలీసులు ఆపుతారు, తెల్లదే కావాలన్నాడు.

"ఈసారి ఎంత తన్నినా రాలకూడదు."

తన్నినా అన్నాడు. లారీ రాయి తన్నదు. నోరు జారిన సంగతి ఆయనకు తెలిసిందో లేదో, ఫోన్ పెట్టేశాడు.

ఆ ఫిల్మ్ వేస్తే అద్దం పగిలినా పొరకు అంటుకుని నిలబడుతుంది. దొంగల భయం ఉన్నవాళ్లకు మంచిదే. లోపల ఇరుక్కున్న మనిషికి మాత్రం అది గోడ. ఆమె కాళ్లతో తెరుచుకున్న ఒక్క దారిని నా చేతులతో మూయమంటున్నాడు. నేను మళ్లీ ఫోన్ చేసి, ఈ డోరు రబ్బరులో ఆ మందం పట్టదు, మోటారు కాలిపోతుంది అని నోటికొచ్చిన అబద్ధం చెప్పాను. అయితే వదిలెయ్, రాణిగంజ్‌లో వేయించుకుంటా అన్నాడు. నా అబద్ధం ఆమెకు రెండు రోజులు కూడా పనికిరాదు. పోలీసులకు చెబుదామా అనుకున్నాను. గుప్పెడు గాజు ముక్కలు చూపించి ఏమని చెప్పాలి? నీకెలా తెలుసని అడిగితే ఏ మొహంతో చెప్పాలి? నేను పిరికివాణ్ణి, వెళ్లలేదు.

పనిలో పడ్డాను. డోరు విప్పి ఉంది కాబట్టి దాని లోపలి సంగతంతా నా కళ్ల ముందే ఉంది. లాక్ దగ్గరికి మోటారు వైర్లు వెళ్తున్నాయి. వాటితో కలవకుండా ఒక సన్నటి ఇనుప తీగ విడిగా కిందికి దిగి, సీసాలు పెట్టుకునే అర దగ్గర ఆగింది. అర అడుగున పరిచిన రబ్బరు ముక్క ఎత్తితే చిన్న మూత, మూత కింద వేలు పట్టేంత తాడు ఉచ్చు. బ్యాటరీ చచ్చిపోతే వెనకవాళ్లు దిగడానికి కంపెనీ పెట్టిన దారి అది. బండి కొన్నవాళ్లలో చాలామందికి దాని సంగతి తెలియదు. అద్దం బిగించి, డోరు మూసి, ముందు నుంచి పిల్లల లాక్ వేసి, వెనక కూర్చుని లాగాను. డోరు తెరుచుకుంది. మూడుసార్లు అలాగే చేసి చూశాను.

మధ్యాహ్నం ఆయన భార్యతో కలిసి వచ్చాడు. ఏదో పెళ్లికి వెళ్తున్నారు. ఆమె పట్టుచీరలో ఉంది, అంత ఎండలోనూ జాకెట్టు చేతులు మణికట్టు దాకా ఉన్నాయి. వాటి మీద కొత్త పచ్చగాజులు నిండుగా వేసుకుంది. ఆయన నిలబడమన్న చోటే నిలబడింది. ఆయన అద్దాన్ని పైకీ కిందికీ ఆడించి చూసుకున్నాడు, బాగుందన్నాడు. అంతలో ఫోన్ వస్తే మాట్లాడుకుంటూ గల్లీ చివరికి నడిచాడు.

వెనక స్విచ్ పనిచేస్తుందో లేదో చూడమని ఆమెను పిలిచాను. ఆమె మొదట మొగుడి వీపు వైపు చూసింది, తర్వాత వచ్చి కూర్చుంది. నేను డోరు పక్కన మోకాళ్ల మీద కూర్చుని రబ్బరు ముక్క ఎత్తి ఉచ్చు చూపించాను.

"లాక్ ఏసినా గిది గుంజితె డోర్ ఇప్పుకుంటదమ్మా. అద్దం తన్నుడు అక్కర్లేదు."

తన్నడమేమిటి అని ఆమె అడగలేదు. ఆ ఉచ్చులో వేలు పెట్టి చూసింది. "గట్టిగా లాగాలా అండీ?" అంది. జెర గట్టిగనే గుంజాలె, బండి ఆగినప్పుడే గుంజాలె అన్నాను. జేబులోంచి కాగితం పొట్లం తీసి, మీ గాజు ముక్కలు అమ్మా అన్నాను. ఆయనకు అర్థంకాని మాట ఆమెకు వెంటనే అర్థమైంది. చిట్లినవి ఇంట్లో ఉంచుకోకూడదండీ, పారేయండి అంది. పగిలినవి అనలేదు. చేతికి అంత గాయమయ్యాక కూడా మొగుడికి కీడు రాకుండా మాట్లాడుతున్నది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకుని రబ్బరు ముక్క సర్దేశాను. ఆయన తిరిగి వచ్చి, ముందు సీటు ఖాళీగా ఉన్నా ఆమెను వెనకే కూర్చోమన్నాడు. బండి చప్పుడు లేకుండా వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత పొద్దున పదకొండింటికి అదే బండి వచ్చింది. వెనక అద్దానికి ఫిల్మ్ ఉంది. నేను ఇంకో బండి ముందు అద్దం ఊడదీయడానికి దాని చుట్టూ జిగురు కోస్తున్నాను, చేతిలో పొడవాటి కత్తి ఉంది. ఆయన దిగీదిగగానే నా కాలర్ పట్టుకున్నాడు.

"దానికి ఏం చూపించావురా నువ్వు?"

నేను నోరు తెరిచేలోపే చెంప మీద పడింది. చేతికి ఇనుప కడియం ఉన్నట్టుంది, చర్మం చిట్లి రక్తం మెడ మీదికి దిగింది. తిరుమలగిరి సిగ్నల్ దగ్గర ఎర్రలైటు పడి ఆగితే ఆమె డోరు తెరుచుకుని దిగిపోయిందట. అరిచినా ఆగకుండా బండ్ల మధ్య నుంచి నడిచి వెళ్లిందట, కనీసం పరుగు కూడా పెట్టలేదట. డోరులో సీసాల అర అడుగున రబ్బరు ముక్క తిరగబడి ఉందట. చెబుతూ కొట్టాడు, కొడుతూ చెప్పాడు. నా తలను అద్దాల స్టాండుకు వేసి గుద్దాడు. పైనున్న డోరు అద్దం జారి కిందపడి మా కాళ్ల చుట్టూ నూకలైంది.

కత్తి ఇంకా నా చేతిలోనే ఉంది. స్క్రూడ్రైవర్‌తో ఏం చేద్దామనుకున్నానో గుర్తుకొచ్చింది, చెయ్యి బిగిసింది కూడా. అప్పుడు ఆయన మొహం దగ్గర్నుంచి చూశాను. కింది పెదవిని పళ్ల కింద నొక్కిపట్టి కొడుతున్నాడు. నేనూ అలాగే పెదవి కొరుక్కుని కొట్టేవాణ్ణని మా పెద్దబిడ్డ ఒకసారి చెప్పింది. నేను కత్తిని కింద పడేసి కాలితో బల్ల కిందికి తోశాను. ఇంకో మూడు దెబ్బలు పడ్డాక పక్కనున్న టైర్ల షాపువాళ్లు వచ్చి ఆయన్ని లాగేశారు. అది ఎక్కడుందో చెప్పరా అని అరుస్తూనే బండెక్కాడు. ఆమె ఎక్కడుందో నాకు నిజంగా తెలియదు. తెలియనందుకు అంత సంతోషం నాకు ఎప్పుడూ కలగలేదు.

షట్టర్ దించి ఇంటికి పోయాను. నా భార్య నన్ను వాకిట్లో కుర్చీ మీద కూర్చోబెట్టి, వేడినీళ్లతో చెంప కడిగి, పసుపు తెచ్చింది. ఎవరు కొట్టారని అడిగితే అంతా చెప్పాను. మడమ గుర్తులు, పచ్చ ముక్కలు, తాడు, సిగ్నల్, అన్నీ. చెబుతుంటే నాకు కాస్త గర్వం కూడా వచ్చింది, దాచుకోలేదు. మంచి పని చేసినవ్ అంటుందని ఎదురుచూశాను. ఎదుటివాళ్లకు చెప్పేటందుకే నీతులు ఉన్నాయని మరిచిపోయాను. ఆమె పసుపు అద్దుతోంది. ప్లాస్టిక్ గాజులు జరిగి, మణికట్టు మీద పాత మచ్చ నా కళ్ల ముందుకు వచ్చింది. నేను చూశానని ఆమె చూసింది. చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"నాకు తాడు చూపెట్టెటోడు ఎవ్వడు రాలే" అంది.