అరికాలు చూసే నర్సమ్మగారు

ఉన్నదాన్ని పదింతలు చేసి చెప్పే జబ్బు నాకుంది. మీరే పదో వంతు చేసుకుని చదువుకోండి.

ఎనభైల్లో మాకు ఒకే కాన్పులో ముగ్గురు ఆడపిల్లలు, నెలలు నిండకుండానే పుట్టేరు. కాకినాడ పెద్దాసుపత్రిలో నలభై రోజులు గాజుపెట్టెల్లో ఉంచి, ఒళ్లు చల్లబడనివ్వొద్దని మరీమరీ చెప్పి అమలాపురం పంపేరు. ఒక్కోటీ ఒలిచిన కొబ్బరికాయంత ఉండేది. నేను రోజుకి వందసార్లు థర్మామీటరు పెట్టేవాణ్ణి, అందులో తొంభైసార్లు ఎవరెవరో పోల్చుకోలేక పెట్టిన పిల్లకే మళ్లీ పెట్టేవాణ్ణి.

పక్కింట్లో ఉండే రిటైరైన నర్సమ్మగారికి ఆ గాజుగొట్టంతో పనిలేదు. పిల్ల అరికాలు తన చెంపకి ఆనించుకుని, కళ్లు మూసుకుని, "ఆయ్, బానే ఉందండి" అనేవారు.

ముసురు పట్టిన ఓ మధ్యాహ్నం చిన్నదాని అరికాలు ఆనించుకుని, ఆవిడ ఆ మాట అనలేదు.

"మాస్టారూ, చొక్కా విప్పండి."

"నేనాండీ?"

"మీ ఆవిడ ఒళ్లో ఇద్దరున్నారు కదండీ. మూడో ఒడి ఎక్కణ్ణించి తెమ్మంటారు?"

పిల్లని నా గుండెకి ఆనించి, పైన దుప్పటి చుట్టి, కదలొద్దన్నారు. కదల్లేదు. నా ముక్కు మీద ఓ దోమ వాలి, భోంచేసి, కాపురం పెట్టి, మనవల్ని ఎత్తింది. చాలాసేపటికి చిన్నది కదిలింది. పాలకోసం నన్ను వెతికి నిరాశపడింది.

సాయంత్రం నర్సమ్మగారు మళ్లీ ఆ అరికాలు చెంపకి ఆనించుకున్నారు.

"ఆయ్, వెచ్చబడిందండి. స్తోత్రం ప్రభువా! మీలాంటి తండ్రిని నా సర్వీసులో చూడలేదండి."

దోమ సంగతి నిజమే. ఆ చివరి మెప్పే నేను కల్పించుకున్నది. ఆవిడ కళ్లొత్తుకుని నిజంగా అన్నదిది:

"ఇహ చొక్కా తొడుక్కోండి మాస్టారూ, పిల్ల కళ్లు తెరుస్తోంది."