కరుణమ్మక్క చదివిన అడుగులు

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి, చేతిలో పనుంటే పక్కన పెట్టండి. ఇవాళ పొద్దున షేర్ ఆటోలో నా పక్కనావిడ లవంగం నములుతోంది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే కరుణమ్మక్క గుర్తొచ్చింది. ఘాజియాబాద్‌లో నేను ఆయాగా చేసే ఆసుపత్రిలో ఆవిడ హెడ్ సిస్టరు. మాది కాకినాడ వైపు, ఆవిడది అమలాపురం. డ్యూటీ దిగేదాకా ఆవిడ బుగ్గన లవంగం ఉండాల్సిందే. అయిదో తరగతితో చదువు ఆపేసిన నాకు రోగుల చార్టు చదవడం నేర్పింది ఆవిడే.

మా తెలుగు క్రైస్తవ సంఘం ఆదివారాలు ఒక బడి హాల్లో కూడుతుంది. మా పిల్లలకు తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు మాత్రం హిందీలోనే. ఫోను వదలరు, మంచం దిగరు, చిప్స్ తప్ప తినరు అని తల్లులందరం మొత్తుకుంటుంటే, "ఆ ఫోనుతోనే లేపుదాం వాళ్ళని" అంది కరుణమ్మక్క. ఎన్ని అడుగులు నడిచారో, ఎన్ని నీళ్ళు తాగారో, ఎంతసేపు నిద్రపోయారో చూపించే యాప్ ఒకటి పిల్లలందరి ఫోన్లలో వేయించింది. ఆరాధన అయ్యాక ఆ వారం అడుగులు పైకి చదివేది. ఎక్కువ నడిచినవాళ్ళకు చప్పట్లు.

మా అమ్మాయికప్పుడు పదిహేనేళ్ళు. మొదటివారం దాని పేరు అన్నిటికన్నా ఆఖరున వచ్చింది. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. మర్నాడు నేను డ్యూటీకి బయలుదేరుతుంటే, "మమ్మీ, ఆప్ కా ఫోన్ బార్ బార్ బంద్ హోతా హై నా? నాది తీసుకెళ్ళు. స్కూల్లో ఎలాగూ అలవ్ చేయరు" అంది. నా ఫోను మాటిమాటికీ ఆగిపోతోందని తనది ఇస్తోంది, నా మీద ఎంత ప్రేమో అని మురిసిపోయి, రోజూ దాని ఫోను జేబులో వేసుకుని వార్డంతా తిరిగాను.

ఆ ఆదివారం మొదటి పేరు మా అమ్మాయిదే! ఆనందం పట్టలేక లేచి నిలబడి సాక్ష్యం చెప్పేశాను. "మంచం దిగని పిల్లని ప్రభువు నడిపించాడు" అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. అమ్మాయి తల దించుకుంది. కరుణమ్మక్క మాత్రం అమ్మాయి వైపే చూసింది.

సాయంత్రం మా ఇంటికొచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, అమ్మాయి ఫోను నా ముందు పెట్టింది.

"చదువు మేరీ. గంట గంటకీ ఎన్ని అడుగులో ఉంది చూడు. పొద్దున ఏడుకి మొదలు. ఒంటిగంట నుంచి రెండు దాకా ఏమీ లేదు. మళ్ళీ మూడున్నర దాకా ఒకటే తిరుగుడు. ఎవరి నడకే ఇది?"

అది మా వార్డు డ్యూటీ. మధ్యలో ఖాళీ నా భోజనం వేళ. ఆ అడుగులన్నీ నావే.

"సంఘంలో నా పరువు తీశావు కదే!" అని అమ్మాయి మీద చెయ్యెత్తాను. కరుణమ్మక్క నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది.

"ఆగవే. ఎందుకు చేసిందో అడిగావా?" అని అమ్మాయి పక్కన కూర్చుంది. "మెట్లెక్కితే ఆయాసం వస్తోందా బంగారం?"

అమ్మాయి మెల్లగా, "సెకండ్ ఫ్లోర్ దాకా వస్తే చక్కర్ ఆతా హై ఆంటీ, కళ్ళు తిరుగుతాయి. చెప్తే బహానా, సాకు అంటారు, బద్ధకం అంటారు" అంది.

కరుణమ్మక్క దాని కింది కనురెప్ప లాగి, నన్నూ చూడమంది. లోపల ఎరుపన్నదే లేదు. పరాయి రోగులకు రోజూ ముఖాలు తుడిచేదాన్ని, నా పిల్ల ముఖం సరిగా చూసుకోలేదు. మర్నాడు పరీక్ష చేయిస్తే రక్తం బాగా తక్కువని తేలింది. డాక్టరుగారు మాత్రలు రాశారు.

యాప్‌ని తీసిపారేస్తానన్నాను. కరుణమ్మక్క ఒప్పుకోలేదు. అడుగుల లెక్క ఆపించి, మాత్ర వేళకు మోగేలా పెట్టింది. "టీ తాగితే మాత్ర ఒంటికి పట్టదు, మాత్ర మీద టీ తాగావంటే ఊరుకోను" అంటే అమ్మాయి నవ్వింది. ఎన్నాళ్ళకో విన్నాను ఆ నవ్వు. పై ఆదివారం నుంచి కరుణమ్మక్క పేర్లు చదవడం కూడా మానేసింది. "తప్పు నాదే మేరీ. వార్డులో ఒకరి చార్టు ఇంకొకరికి చదివి వినిపిస్తామా?" అంది.

నా మనసు మాత్రం ఊరుకోలేదు. అబద్ధపు సాక్ష్యం చెప్పాను, సంఘం ముందు ఒప్పుకుంటానన్నాను.

"ఒప్పుకుంటే నీ మనసు తేలికపడుతుంది. పిల్ల ఇక ఆ హాల్లోకి రాదు. అదేనా నీకు కావలసింది?" అంది.

నేను నోరు మూసుకున్నాను. ఆవిడా ఆ మాట ఎవరికీ చెప్పకుండానే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. అమ్మాయి ఇప్పుడు గ్రేటర్ నోయిడాలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కాస్త నలతగా ఉన్నా ముందు నాకే ఫోను చేస్తుంది. నేను తిట్టకుండా చివరిదాకా వింటాను. ఇంత మాత్రం నేర్చుకున్నాను ఆవిడ దగ్గర. ఇది రాయనా అని అడిగితే, "రాసుకో మమ్మీ, నా పేరు మాత్రం మత్ లిఖ్‌నా" అంది. అందుకే దాని పేరు రాయలేదు.

మీ ఇంట్లో పిల్లలు ఒంట్లో బాగోకపోతే భయపడకుండా మీతో చెప్పుకునేలా ఉండాలి. మీ ఇంటిల్లిపాదీ చల్లగా ఉండాలి.