నేను చెప్పిన అర్థం

మా చర్చి సంఘంలో ఎవరి వరం వాళ్లకుంది. అయ్యగారికి వాక్యం, ఆయన భార్యకు పాట, బడి దగ్గర ఇడ్లీలమ్మే పెద్దమ్మకు భాషలు. ప్రార్థనలో ఆత్మ వచ్చినప్పుడు పెద్దమ్మ కళ్లు మూసుకుని ఎవరికీ తెలియని మాటలు గలగలా మాట్లాడుతుంది. ఆ మాటలకు అర్థం చెప్పే వరం నాదని అందరూ అంటారు.

అది నాకెట్లా వచ్చిందో చెబుతాను. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఒక ఆదివారం పెద్దమ్మ మాట్లాడి ఊరుకుంది. అర్థం చెప్పేవాళ్లు లేరు. ఆ నిశ్శబ్దం భరించలేక నేనే లేచి, "భయపడకండి, నేను మీతో ఉన్నాను అంటున్నాడు ప్రభువు" అన్నాను. అందరూ స్తోత్రం అన్నారు. మిషను కుట్టుకుని బతికే నన్ను అప్పటి నుంచి ముందు వరుసలో కూర్చోబెట్టారు. నిజంగా దేవుడే పలికించాడా, లేక నా నోటి తొందరా అని లోపల అనుమానం ఉండేది. కానీ గౌరవం ఎవరికి చేదు?

మాది మేళ్లచెరువు దగ్గర. సిమెంటు ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా కొండల నుంచి వచ్చేవాళ్లలో క్రైస్తవులూ ఉన్నారు. వాళ్లలో ఒక జంట మా మందిరానికి రావడం మొదలుపెట్టింది. తెలుగు రాదు, హిందీ రెండు ముక్కలు. ఆ అమ్మాయికి నెలలు నిండాయి. ఇద్దరూ వెనక చాప మీద కూర్చుని, పాటకు చప్పట్లు కొట్టి, వందనాలు చెప్పి వెళ్లేవాళ్లు.

ఒక ఆదివారం అతను ఒక్కడే వచ్చాడు. ప్రార్థన జరుగుతోంది. వచ్చినవాడు కూర్చోలేదు. నడిమధ్యలో నిలబడి, చేతులు చాపి, ఏడుస్తూ ఏదో మాట్లాడడం మొదలుపెట్టాడు. మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "స్తోత్రం! స్తోత్రం!" అని ఎవరో అరిచారు. పెద్దమ్మ చేతులెత్తింది. పరాయి మనిషి మీదికి ఆత్మ దిగిందని అందరికీ ఒళ్లు పులకరించింది.

అయ్యగారు నా వైపు తిరిగారు. "చెప్పు చెల్లె, ప్రభువు ఏమంటుండు?"

ఒక సంగతి నేను చూశాను, దాచను. పెద్దమ్మ కళ్లు మూసుకుని మాట్లాడుతుంది. అతని కళ్లు తెరిచే ఉన్నాయి. ఒక్కొక్కరి మొహంలోకి చూస్తూ మాట్లాడుతున్నాడు. అది చూసి కూడా లేచాను. అంతమంది నా నోటికేసి చూస్తుంటే నాకు తెలియదని చెప్పే ధైర్యం లేకపోయింది. "నీ కన్నీళ్లు చూశాను, నీ ఇంటిని నింపుతాను అంటున్నాడు ప్రభువు" అన్నాను. ఇంకా చాలా చెప్పాను.

నేను మాట్లాడినంతసేపూ అతను నన్నే చూశాడు. అయిపోయాక రెండు చేతులూ జోడించి, వాకిట్లోకి పోయి నిలబడ్డాడు. తన మాటే నేను అందరికీ చెప్పాననుకున్నాడని, మేము వెంట వస్తామని కాచుకున్నాడని నాకప్పుడు తెలియదు. అయ్యగారు బయటికి రాగానే చెయ్యి పట్టుకుని రోడ్డు వైపు లాగాడు.

"ఇంటికాడ ప్రార్థన పెట్టుకుంటడట, పాపం" అని అయ్యగారు మురిసిపోయారు. "వచ్చే వారం తప్పక వస్త తమ్మీ" అని తల మీద చెయ్యి పెట్టి దీవించారు.

అతను ఇంకొకామె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె వందనాలు చెప్పింది. చివరికి ఒక్కడే పరుగెత్తాడు.

బుధవారం తెలిసింది. నొప్పులు పడుతున్న భార్యను గదిలో వదిలి, తోడుకు ఆడవాళ్లనూ ఒక బండినీ అడగడానికి వచ్చాడట. చుట్టుపక్కల గదుల వాళ్లంతా డ్యూటీలో ఉన్నారు. దవాఖానకు చేరేసరికి ఆలస్యమైంది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు.

అయ్యగారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. "మనకు తెల్వక జరిగింది చెల్లె" అన్నారు. ఆయనకు తెలియక జరిగింది, నిజమే. నేను ఆ కళ్లు చూశాను కదా. ఏం చేయను, ఎక్కడికి పోయి చెప్పుకోను? మిషను ముందు కూర్చుంటే సూదిలోకి దారం ఎక్కలేదు.

కాళ్లు పట్టుకుందామని వాళ్ల గదికి పోయాను. ఆ అమ్మాయి గోడ వైపు తిరిగి పడుకుంది. పాలు పడి రవిక తడిసిపోయింది. వాళ్ల వైపు నుంచే వచ్చి, ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న మేస్త్రీ మాకు మధ్యలో కూర్చున్నాడు. ఆ అమ్మాయి భర్త నన్ను ఏదో అడిగాడు.

"నా మాట అందరికి చెప్పినవు గదమ్మా, ఒక్కరన్న ఎందుకు రాలే అంటుండు" అన్నాడు మేస్త్రీ.

"నాకు మీ భాష రాదని చెప్పన్నా" అన్నాను.

మేస్త్రీ చెప్పాడు. అతను నా మొహంలోకి చూశాడు. మళ్లీ ఏదో అడిగాడు. దాన్ని తెలుగులో చెప్పడానికి మేస్త్రీ కొంచెం తటపటాయించాడు.

"మరి అంతసేపు ఏం చెప్పినవు అని అడుగుతుండు."