అన్నం ఉడికేదాకా ఆగమన్న సారు

"మీ సారు లేడు బిడ్డా" అని ఆయన భార్య ఫోన్ చేసేసరికి నేను బడికి బయలుదేరుతూ చెప్పులేసుకుంటున్నాను. ఏ సారు అని అడిగాను. ఆమెకు సారంటే ఒక్కరే, నాకూ ఒక్కరే. అయినా అడిగాను. గుండెపోటట. తెల్లారి లేవలేదట. కొడకండ్ల బడిలో ఆయన దగ్గర సోషల్ చదువుకుని, ఆ బడిలోనే ఆయన పక్క గదిలో పాఠాలు చెబుతున్నదాన్ని నేను. నిరుడు ఆయన ఎడమ కన్ను పోవడానికి కారణం కూడా నేనే. ఆ మాట ఊళ్లో ఎవరూ అనరు. అందుకే నేనే రాస్తున్నాను.

బడికి రాకముందు సారు మిలట్రీలో రాడార్ ముందు కూర్చున్న మనిషి. యుద్ధాల పాఠం వస్తే తేదీలు వదిలేసేవారు. "ఎవలు గెలిచిండ్రో పుస్తకంల ఉన్నది. ఎవలు ఆపచ్చునో జెప్పుండ్రి" అని మా ప్రాణం తీసేవారు. "కలెక్టర్ ఆపచ్చు సారూ!" అని ఎవడో అరిస్తే పడీ పడీ నవ్వేవారు.

తన సంగతి ఒక్కసారే చెప్పారు. సరిహద్దు దగ్గర తెర మీద ఒక చుక్క కనబడిందట. క్షిపణి తయారుగా ఉంది. అందరూ శత్రువే అన్నారు. ఈయన మాత్రం ఇంకోసారి అడుగుదామని ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. తీరా చూస్తే దారి తప్పిన మన విమానమే! పతకం రాలేదు సరికదా, ఆలస్యం చేసినందుకు తిట్లు పడ్డాయి. "మిషన్ ఎంత జల్దిగుంటె మనిషి గంత నిదానంగుండాలె బిడ్డా. తప్పు జేసినంక మిషన్ ఏడ్వది, ఏడ్చేది మనమే" అనేవారు. స్టాఫ్ రూములో ఎవరైనా పుకారు మోసుకొస్తే "చూసినవా, విన్నవా?" అని అడిగేవారు. విన్నానంటే "ఐతె చాయ్ తాగు" అనేవారు.

ఇంత విని కూడా నాకు బుద్ధి రాలేదు.

తెలంగాణ కోసం రోడ్ల మీదే వంటావార్పులు జరుగుతున్న రోజులు. పాలకుర్తి చౌరస్తాలో నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టాం. ఎదురుగా పోలీసులు. గొంతు పెద్దదని మైకు నాకే ఇస్తారు, నాకూ ఇష్టమే, దాచడమెందుకు. అప్పుడే సెల్‌ఫోన్‌కు మెసేజ్ వచ్చింది, జనగామలో కాల్పులు జరిగి ఇద్దరు పిల్లలు పోయారని. ఎవరు పంపారో కూడా చూడలేదు. మైకులో చదివేశాను. పాడు నోరు!

ఇటు రాళ్లు లేచాయి, అటు తుపాకులు లేచాయి. పొయ్యి దగ్గరున్న సారు లేచి మధ్యకు నడిచారు. "పొయ్యి మీద అన్నమున్నది. గది ఉడికేదాంక ఆగుండ్రి! గంతల జనగామకు ఫోన్ జేద్దాం. నిజమైతె నేనే ముందట నడుస్త" అని అరిచారు. ఆ మాట పూర్తి కాకముందే ఎవరో విసిరిన రాయి ఆయన కంటికి తగిలింది. మా వైపు రాయే. ఆయన కూలబడలేదు. తువ్వాల అదుముకుని అట్లాగే నిలబడ్డారు. ఆ నెత్తురు చూసి, ఆయన దగ్గర చదువుకున్నవాళ్లు ఒక్కొక్కరే రాళ్లు కింద పడేశారు. గంజి వార్చేలోపు జనగామ దవాఖాన నుంచి మావాళ్లు ఫోన్ చేశారు. లాఠీ దెబ్బలు తగిలాయి, ఎవరి ప్రాణమూ పోలేదు. "నువ్వే జెప్పు బిడ్డా" అని సారు నాకు మైకు చూపించారు. చెప్పాను. ఏమని చెప్పానో ఇప్పటికీ గుర్తు లేదు.

కన్ను దక్కలేదు. దవాఖానలో నేను తప్పైందని చెప్పబోతే బత్తాయి తొన చేతిలో పెట్టి, "పిల్లల పరీక్షల సంగతేంది?" అని మాట తిప్పేశారు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏడాది గడిపాను, దద్దమ్మను. ఈ మధ్య ఒక సాయంత్రం ఎక్కడో దూరదేశంలో మనిషి లేని విమానం పెళ్లివారి మీద బాంబు వేసిందని టీవీలో చెప్పారు. "తెర ముందట కూసున్నోడు ఇంకోపాలి అడగకపాయె" అని ఆ పూట అన్నం ముట్టలేదు సారు. అప్పుడైనా చెప్పాల్సింది.

పాడె మోసినవాళ్లలో ఒకాయన మాకు తెలియదు. మహబూబాబాద్ వైపు తండా మనిషి, కానిస్టేబులు. మామూలు బట్టల్లో వచ్చాడు. "ఆ దినం ముందటి వరుసల నేనున్న అక్కా. నా తమ్ముడు మీ దిక్కుండె. నా తుపాకి వాని మీదికే ఉండె" అన్నాడు.

దింపుడు కల్లం దగ్గర పాడె దించారు. పోయినవారిని చెవిలో మూడుసార్లు పిలిచి, ప్రాణం తిరిగొస్తుందేమోనని కాసేపు ఆగడం మా దగ్గర ఆచారం. కొడుకు పిలిచాడు. కూతురు పిలిచింది, పిలిచి నన్ను ముందుకు తోసింది. "నువ్వు గూడ పిలువు అక్కా."

వంగాను. సారూ అని మాత్రమే పిలవాలి. "తప్పైంది సారూ" అన్నాను.

అందరం ఆగాం. ఎండ నెత్తికెక్కింది. ఎంతసేపటికీ పాడె ఎత్తమని ఎవ్వరూ అనలేదు.