మావయ్య చూసిన గోధుమరంగు

మా అమ్మ తమ్ముడు నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాడు. యాభై నిండకముందే ఆయన కిడ్నీలు దెబ్బతిన్నాయి. మా వైపు ఆ జబ్బు కొత్త కాదు. ఎందుకొస్తుందో మాత్రం ఎవరూ తేల్చి చెప్పలేకపోయారు. నేను విజయనగరంలో ఒక లేబ్‌లో చేరి ఆ జబ్బు మీదే పనిచేస్తున్న రోజుల్లో ఆయనకు డయాలసిస్ మొదలైంది.

పరీక్ష కోసం రోగుల కిడ్నీ నుంచి తీసిన ముక్కలో మిగిలింది, వాళ్లు ఒప్పుకుంటే, మాకు వచ్చేది. దాన్ని ఉల్లిపొరకన్నా పలచగా కోసి, గాజు పలక మీద అతికించి, మోనోక్లోనల్ యాంటీబాడీ వేసేదాన్ని. ఎలుక కణం ఒక్కదాని సంతానం తయారుచేసిన పదార్థం అది. మనిషి కిడ్నీ వడపోతలో ఉండే ఒకే ఒక్క ప్రొటీన్‌ను గుర్తుపట్టి అంటుకుంటుంది. ఆపైన రంగు వేస్తే, ఆ ప్రొటీన్ ఉన్నచోట గోధుమరంగు తేలుతుంది. లేనిచోట పలచటి నీలమే మిగులుతుంది.

మావయ్య కూడా తన ముక్కలో మిగిలింది పరిశోధనకు ఇచ్చాడు. అది నేను పనిచేసే చోటికే వచ్చిందని అమ్మ చెప్పినప్పటినుంచి, చూడాలని పట్టుబట్టాడు. లేబ్ నడిపే మా మేడమ్ సరేనన్నారు. డయాలసిస్ లేని రోజు చూసుకుని, అత్తను వెంటబెట్టుకుని రైల్లో వచ్చాడు. మెట్లెక్కేసరికి ఆయాసపడుతున్నాడు.

"గుంటా, నాది ఏది?" అన్నాడు కూర్చోకుండానే, చిన్నపిల్లను పిలిచినట్టే.

"తెల్దు మావా. పేర్లు మాకు సెప్పరు. నంబర్లే ఉంటాయి."

ఆయన ముఖం వాడిపోయింది. "అలగయితే ఏదో ఒకటి సూపించు."

మైక్రోస్కోప్ కింద ఒక పలక పెట్టాను. ఒక కన్ను మూసుకుని చాలాసేపు చూశాడు.

"ఈ గోధుమరంగేటి?"

"అక్కడ వడపోత ఇంకా బాగున్నాది మావా."

"ఈ పక్కన నేదు."

"అక్కడ పోయింది."

ఆయన తలెత్తి, ఐసులో పెట్టిన చిన్న సీసా కేసి చూశాడు. "రంగు తెప్పించిన మందు అదేనా?"

"అదే. ఎలక కణాల్నించి సేస్తారు."

"ఎలకా? ఓలమ్మ!" అంది అత్త.

మావయ్య నవ్వలేదు. "ఏదైతేనేటి? అది నాకు ఎక్కిస్తే ఆ రంగు మళ్లీ వస్తాదా?"

ఆయన అంత దూరం వచ్చింది ఈ మాట అడగడానికేనని అప్పుడు అర్థమైంది. కానీ అబద్ధం చెప్పలేను.

"రాదు మావా. అది మందు కాదు. ప్రొటీన్ ఎక్కడున్నాదో సూపిస్తాది, అంతే. మనిషికి ఎక్కించకూడదు."

అత్త స్టూలు మీద కూలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావయ్య ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "ఏడవకే. అడిగితే తెలిసింది కదా," అన్నాడు. మళ్లీ మైక్రోస్కోప్ మీదికి వంగాడు.

"ఎవులిదో పాపం. ఈ మనిషి ఉన్నాడా?"

"తెల్దు మావా."

"ఉంటే బాగున్ను," అన్నాడు.

ఆ వానాకాలంలో మావయ్య పోయాడు. కర్మలయ్యాక తిరిగి వచ్చాను గానీ, పలకలు ముట్టుకోవడానికి చేతులు రాలేదు. మేడమ్‌కు చెప్పాను. ఆమె ఏమీ అడక్కుండా వేరే పని ఇచ్చారు. కొన్నాళ్లకు నేనే వెళ్లి నా బల్ల దగ్గర కూర్చున్నాను. ప్రతి ముక్కా ఎవరో ఒకరిదని ముందూ తెలుసు. ఆ తర్వాత రంగు వేస్తున్నప్పుడల్లా, ఈ మనిషి ఉన్నాడా అని అనిపించేది.

జబ్బు ఎందుకొస్తుందో మా పనిలో తేలలేదు. ఆ ప్రొటీన్ వడపోతలో ఏ భాగాన ముందుగా తగ్గుతోందో మాత్రం కొంత తెలిసింది. అది అత్తకు ఎలా చెప్పాలా అని ఆలోచిస్తుండగా, ఆవిడే ఫోన్ చేసింది. వాళ్లబ్బాయి, నాకు బావ, అవే మడుల్లో పనిచేస్తున్నాడు.

"నీ పలకల సంగతి నాకు తెల్దమ్మా. నా కొడుకు కిడ్నీలు బాగున్నాయో నేదో సూపించు."

అది మా లేబ్ పని కాదు. నేనే సెలవు పెట్టి వాళ్లను ఆసుపత్రికి తీసుకెళ్లాను. బావకు ఇష్టం లేదు. "నాకేటైంది? బేగి కానీ, పనికెల్లాల," అని విసుక్కుంటూనే రక్తం ఇచ్చాడు.

ఇప్పటికి ఏ తేడా లేదన్నారు డాక్టరు. బావ చొక్కా చెయ్యి దించుకుంటూ బయటికి నడిచాడు. అత్త కదల్లేదు.

"మళ్లీ ఎప్పుడు తేవాల బాబూ?" అని డాక్టరును అడిగింది.