తక్కువ నీళ్లు

నా ఫోన్‌లో రెండు నిమిషాల పది సెకన్ల వీడియో ఒకటి ఉంది. అందులో మా కుక్క మునిగిపోతుంటే నేను నవ్వుతున్నాను.

ఇంకా ఎందుకు ఉంచుకున్నావని ఎవరైనా అడిగితే కోపం వస్తుంది. నాకు చాలా వాటికి కోపం వస్తుంది, ఆ రోజు కూడా కోపంతోనే మొదలైంది.

మాది నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో పాత ఇల్లు. వాకిట్లో హౌజు ఉంది. ఒకప్పుడు నీళ్లు నిలవ పెట్టుకోవడానికి కట్టిన రాతి తొట్టి అది, నా తల మునిగేంత లోతు. రెండేళ్ల కిందట నాన్న దానికి నీలం టైల్స్ వేయించి, ఆ రోజు నుంచి ‘మన స్విమ్మింగ్ పూల్’ అంటున్నాడు. అబిడ్స్‌లో ఉన్న దోస్తులందరికీ ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఓ మూలన లోపలికి దిగే పాత మెట్లు మాత్రం అలాగే వదిలేశారు. నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ముందు మిద్దె మీది ట్యాంకు నింపుతాం, ఆ తర్వాత హౌజు. నిండితే నీళ్లు అంచుకు బెత్తెడు కింద ఉంటాయి. నానమ్మ అందులోంచే బకెట్లతో ముంచి మొక్కలకు పోస్తుంది, వాకిలి కడుగుతుంది. అది పూల్ అంటే ఆమె ఏనాడూ ఒప్పుకోలేదు.

మావాడు సగం లాబ్రడార్, సగం మా గల్లీ. ఎండలు ముదిరితే వాణ్ణి ఆ నీళ్లలోంచి బయటికి తేవడమే కష్టం. అంచు మీద నుంచి దూకుతాడు, రెండు చుట్లు ఈదుతాడు, దూకిన చోటికే తిరిగొచ్చి ముందుకాళ్లు అంచు మీద వేసి ఒక్క గుంజుతో పైకి వచ్చేస్తాడు. ఎవరూ నేర్పకుండానే వచ్చిందని నాకు గొప్ప. మెట్ల వైపు వాడు ఎప్పుడూ పోలేదు. పోవాల్సిన పని పడలేదు.

ఆ వారం ఎక్కడో పైపు పగిలి నల్లా రెండుసార్లు రాలేదు. నానమ్మ ముంచడం మాత్రం ఆపలేదు. నీళ్లు రెండు జానలకు పైగా దిగాయి. టైల్స్ మీద తెల్లటి గీత ఒకటి బయటపడింది. నేను వీడియో తీయడానికి వాణ్ణి వాకిట్లోకి తెచ్చేసరికి నానమ్మ కరివేపాకు చెట్టు దగ్గర ఉంది.

“ఏమే, నీళ్లు దిగినయ్. ఇయ్యాల వద్దు.”

“దిగితే మంచిదే కదా నానమ్మా! తక్కువ నీళ్లుంటే ఇంకా సేఫ్.”

“ఏం సేఫో ఏమో. జర నడుముకు తాడన్న కట్టు. మా ఊర్ల బర్రెను గూడ తాడు లేకుంట చెరువుల దింపకపోదుము.”

“ఇది బర్రె కాదు, లాబ్రడార్. పుట్టుకతోనే ఈతొస్తది.”

“ఔ, నీకు నోరొచ్చినట్టు.”

నాకు మండింది. వాడికి ఆన్‌లైన్‌లో తెప్పించిన ఈత జాకెట్ ఉంది, నారింజ రంగుది, పట్టుకుని పైకి లేపడానికి వీపు మీద పిడి కూడా ఉంది. వీడియోలో బాగుండదని అది కూడా విప్పి పక్కన పడేసి, రికార్డింగ్ నొక్కి, “దూకు రా!” అన్నాను.

దూకాడు. రెండు చుట్లు తిరిగాడు. తన చోటికి వచ్చి ముందుకాళ్లు పైకెత్తాడు. అంచు అందలేదు. గోళ్లు టైల్స్ మీద జారాయి. మళ్లీ ఎత్తాడు, మళ్లీ జారాయి. వీడియోలో ఆ గీకుడు బాగా వినిపిస్తుంది. వెనకాల స్టేషన్‌లో ఏదో బండి లేటని చెబుతున్నారు, అదీ వినిపిస్తుంది. కాసేపటికి వాడు నీళ్లలో నిటారుగా నిలబడ్డట్టయి, రెండు కాళ్లతో నీళ్లను టపటపా కొట్టసాగాడు. స్క్రీన్‌లో చూస్తే అచ్చం డాన్స్. నేను జూమ్ చేశాను. పగలబడి నవ్వుతున్నాను.

“మునుగుతున్నడే! కండ్లు లేవా నీకు?” నానమ్మ అరిచింది.

ఫోన్ మీద నుంచి తల ఎత్తాను. స్క్రీన్‌లో ఉన్న కుక్క, ఎదురుగా ఉన్న కుక్క ఒకటి కాదు. వాడి కళ్లు తెల్లగా తిరిగిపోయి ఉన్నాయి. ముక్కు మాత్రమే పైన ఉంది. నేను చూస్తుండగానే అదీ లేదు.

ఎప్పుడు దూకానో తెలియదు. వాడి పొట్ట కింద చేతులు పెట్టి ఎత్తాను. తడిసిన కుక్క ఇంత బరువుంటుందని ఎవరు అనుకుంటారు? పైనుంచి నానమ్మ బోర్లా పడుకుని మెడ మీది తోలు దొరకబుచ్చుకుని లాగింది. వాకిట్లో పడ్డాక వాడు కదల్లేదు. నానమ్మ వెనక్కాళ్లు పట్టి ఎత్తి ఊపింది. అప్పుడు కక్కాడు, నీళ్లు, నురగ. దగ్గాడు.

నా పళ్లు టకటకలాడుతున్నాయి. ఎండేమో నిప్పులు చెరుగుతోంది.

ఆటోలో పశువుల దవాఖానకు పోయాం. డాక్టర్ వాడి ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. లోపలికి నీళ్లు పోయి ఉంటాయి, రేపటిదాకా ఇక్కడే ఉంచాలి, అప్పటిదాకా ఏమీ చెప్పలేను అన్నాడు.

“సార్, వానికి ఈతొచ్చు,” అన్నాను. ఎందుకన్నానో.

“ఈతొచ్చుడు సరే. బయటికొచ్చే తొవ్వ తెలుసా దానికి?”

హౌజు మూలనున్న మెట్లు నాకు అప్పుడు గుర్తొచ్చాయి.

మర్నాడు పొద్దున వాడు లేచి తోక ఊపాడని ఫోన్ వచ్చింది. అప్పుడు గానీ వీడియో తెరవలేకపోయాను. నానమ్మ పక్కనే కూర్చుని చూసింది. ఒక నిమిషం నలభై సెకన్ల దగ్గర ఫోన్ వెల్లకిలా పడింది. ఆ తర్వాతంతా ఆకాశం, చప్పుళ్లు.

“గా నవ్వేది ఎవరే?” అంది.

“నేనే.”

ఆమె ఫోన్ నా ఒళ్లో బోర్లా పెట్టి లేచిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

నల్లా మళ్లీ వచ్చింది కానీ హౌజు నింపనివ్వలేదు నానమ్మ. వారం రోజులు మోకాలి లోతు నీళ్లే. నేను లోపల నిలబడి, జాకెట్ పిడి పట్టుకుని, వాణ్ణి ఎక్కడ వదిలినా మెట్ల దగ్గరికి నడిపించేదాన్ని. వాడి కాలు తీసి మొదటి మెట్టు మీద పెట్టేదాన్ని. పైన నానమ్మ ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో బిస్కెట్ పట్టుకుని, “రా బిడ్డా, గిట్ల రా,” అని పిలిచేది. తర్వాత రోజుకు కొంచెం కొంచెం నీళ్లు పెంచాం.

ఇప్పుడు నిండా నీళ్లున్నా సగమే ఉన్నా మెట్ల మీద నుంచే వస్తాడు. కానీ ముందు ఆ గోడ దగ్గరికే పోతాడు. ప్రతిసారీ. దూకిన చోట టైల్‌కు ఒకసారి గోళ్లు ఆనిస్తాడు. అప్పుడు నా చేతిలో తాడు బిగుస్తుంది. తర్వాత వాడు మెట్ల వైపు తిరుగుతాడు.