మస్తాన్ మేస్త్రి జట్టు

అరవై అయిదు సెప్టెంబరు. యుద్ధం నడుస్తోంది. మధ్యాహ్నం బండికి నన్ను గుంటూరు స్టేషన్లో దించారు. ఉక్కపోత. భుజాన రైఫిలు, వీపున పరుపుచుట్ట. మాది పర్చూరు పక్క పల్లె. తెలుగు వచ్చినవాడొకడు కావాలన్నారని పంపారు. యుద్ధంలో ఎక్కడున్నావని ఊళ్ళో ఇప్పటికీ అడుగుతారు. గుంటూరు స్టేషన్లో అంటే నవ్వుతారు.

అక్కడ రెండు రకాల పట్టాలు కలిసేవి. హుబ్లీ వైపు నుంచి వచ్చేది మీటరు గేజి. తెనాలి వైపు పోయేది బ్రాడ్ గేజి. ఆ పెట్టెలు ఈ పట్టాల మీద నడవవు. ప్రతి బస్తా ఇటు దించి అటు ఎక్కించాల్సిందే. మధ్యలో పొడవాటి రేకుల షెడ్డు. అందులో పత్తి బేళ్ళు, మిరప బస్తాలు, వాటి పక్కన మా మందుగుండు పెట్టెలు. అడుగుపెడితే తుమ్ములే.

మోసేది మస్తాన్ మేస్త్రి జట్టు. యాభై దాటిన మనిషి. నా ఊరు అడిగి తెలుసుకున్నాడు.

"పర్చూరా! మా చెల్లెల్ని ఇచ్చింది అక్కడే. అయితే నేను నీకు మామనురా."

ఆ రోజు నుంచి మామా అనే పిలిచాను. పని లేనప్పుడు షెడ్డు నీడలో కూర్చుని చెప్పేవాడు. ఈ లైను వేసేటప్పుడు వాళ్ళ నాయన కట్టకు మట్టి మోశాడట. మొదటి ఇంజను కూత పెడితే గంప పారేసి పరుగెత్తాడట.

తరవాతి వారం కొత్త లెఫ్టినెంటు వచ్చాడు. కుర్రవాడు. ఎక్కడ చూసినా గూఢచారులని పుకార్లు. జట్టును వరసగా నిలబెట్టి పేర్లు అడిగాడు. తరవాత నన్ను పక్కకు పిలిచాడు.

"ముస్లింలు ఈ పెట్టెలు ముట్టుకోకూడదు. చెప్పు వాళ్ళకి."

"సర్, ఈ జట్టుకు ఆయనే మేస్త్రి. ఇక్కడే పుట్టి పెరిగినవాడు."

"నాకు కాదు, వాళ్ళకి చెప్పు."

పక్కనే ఉన్న మా హవల్దార్ వైపు చూశాను. ఆయన బూట్ల వంక చూసుకున్నాడు. వెళ్ళి చెప్పాను. మాట పూర్తికాకముందే మస్తాన్‌కు అర్థమైంది. తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. వెంకటేశ్వర్లు అనే హమాలీ కింద కూలబడ్డాడు.

"మేస్త్రి పట్టని పెట్టె మేమూ పట్టం. ఏరా, లేస్తారా ఎవరైనా?"

ఎవరూ లేవలేదు. బ్రాడ్ గేజి ఇంజను ఆవిరి వదులుతూ నిలబడి ఉంది. మస్తానే గద్దించాడు.

"లేవండ్రా! అక్కడ సరిహద్దులో పిల్లలు వీటికోసం ఎదురుచూస్తుంటారు. ఇక్కడి కోపం వాళ్ళ మీద ఎందుకు?"

లేచారు. ఆయన, జట్టులోని ఇంకో ఇద్దరు ముస్లింలు బేళ్ళ సందులోంచి బయటికి నడిచారు. మిగిలినవాళ్ళు చివరి పెట్టె దాకా ఎక్కించారు.

పది రోజులకు మేజరు తనిఖీకి వచ్చాడు. సంగతి హవల్దారే చెప్పాడు. మేజరు లెఫ్టినెంటును మా ముందు ఏమీ అనలేదు. ఆర్డరు మాత్రం రద్దు చేశాడు. మస్తాన్‌ను పిలవడానికి నన్నే పంపారు. పాత గుంటూరులో చిన్న పెంకుటిల్లు. మంచం వాల్చాడు. టీ ఇప్పించాడు.

"మామా, ఆర్డరు తీసేశారు. రేపు రండి."

"నువ్వొచ్చావు, సంతోషం. పనికి మాత్రం రాను."

"తప్పు తెలుసుకున్నారుగా."

"తెలుసుకున్నారు. రేపు ఇంకొకడొస్తాడు. నా జట్టు ముందు రెండోసారి అట్లా నిలబడలేనురా."

చాలాసేపు బతిమాలాను. ఆయన మా పొలాల్లో వానలు ఎట్లా పడ్డాయని అడిగాడు.

యుద్ధం ఆగింది. మా డ్యూటీ ఫిబ్రవరి దాకా సాగింది. మా టెలిఫోను జవాను తీగలు చుట్టేశాడు. వంటవాడు డేగిసాలు కట్టేశాడు. మీటరు గేజి బండిలో బయలుదేరాం. ఊరు దాటాక సిగ్నల్ పడక బండి ఆగింది.

పట్టాల పక్కనే మిరప కల్లం. నేలంతా ఎరుపు. ఆడకూలీలు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. ఆ వరస చివర మస్తాన్. కొంగులు కప్పుకున్న తలల మధ్య ఆయన తలపాగా ఒక్కటే.

తలుపు దగ్గరికి వెళ్ళాను. ఆయన తలెత్తి బండిని ఈ చివర నుంచి ఆ చివరకు చూశాడు. యూనిఫాంలో అందరం ఒకేలా ఉన్నాం. పిలవబోయాను. బండి కదిలింది. ఆయన మళ్ళీ వంగి, తెల్లబారిన కాయ ఒకటి తీసి పక్కకు వేశాడు.